పరతత్త్వం నాథుడైన చోటు: నెల్లూరు సీమ భక్తిగ్రంథాలలో పరదైవ వర్ణన

ఉపోద్ఘాతం

హిందూ సోదరుల విశ్వాసాన్ని గూర్చి మన ప్రసంగాలలో తరచుగా వినిపించే మాట ఒకటుంది. వారికి ముప్పై మూడు కోట్ల దేవతలున్నారనీ, సర్వోన్నతుడైన ఒక్క దేవుని తలంపు వారి గ్రంథాలలో లేనే లేదనీ మనలో అనేకులు బోధిస్తుంటారు. సంఘం తలలూపుతుంది. అయితే ఆ సభలో వెనుక వరుసలో కూర్చున్న హిందూ మిత్రుడు, ఇంట్లో భాగవతం చదివినవాడు, ఆ మాట విని ఏమనుకుంటాడు? తన గ్రంథాన్ని తెరచి చూడనివాడు తన దేవుని గూర్చి తీర్పు చెబుతున్నాడని అనుకుంటాడు. ఆ తరువాత చెప్పే సువార్తను కూడా అదే అనుమానంతో వింటాడు.

కాబట్టి హిందూ భక్తిగ్రంథాలు పరదైవాన్ని ఎలా వర్ణించాయన్న ప్రశ్న సంఘకాపరికి అక్కరలేని పాండిత్య విషయం కాదు. ఈ వ్యాసంలో మేము ఆ ప్రశ్నను భారతదేశమంతటికీ వర్తించేలా కాక ఒక్క సీమకు పరిమితం చేసి పరిశీలించదలచాము. ఆ సీమ నెల్లూరు తీరం. పెన్న సముద్రంలో కలిసే ఈ ప్రాంతంలో 13వ శతాబ్దిలో తిక్కన మహాభారతాన్ని తెలుగు చేశాడు. 17వ శతాబ్దిలో దీని దక్షిణపు అంచున ఒక డచ్ పాదిరి హిందూ మతాన్ని గూర్చి గ్రంథం రాశాడు. 19వ శతాబ్దిలో ఇక్కడే అమెరికన్ బాప్టిస్టు మిషను తెలుగువారి మధ్య పని ప్రారంభించింది. ఈ మూడు ఘట్టాలనూ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఈ గ్రంథాలలో ప్రధానమైన వివాదం పరదైవాలు ఎందరన్నది కాదు, ఆ ఒక్కడు ఎవరన్నది. వర్ణనకు అందని తత్త్వాన్ని, మనిషి మొరపెట్టుకోగల నాథునిగా సంబోధించడమే ఆ ప్రశ్నకు భక్తి ఇచ్చిన జవాబు.

1. సింహపురి నాటి పరిస్థితి

నెల్లూరుకు పూర్వనామం విక్రమసింహపురి. 13వ శతాబ్దిలో తెలుగు చోడ రాజైన మనుమసిద్ధి ఇక్కడ పాలించాడు. తిక్కన ఆయన ఆస్థానంలో మంత్రి, కవి. తన తొలి కావ్యమైన నిర్వచనోత్తర రామాయణాన్ని తిక్కన ఆ రాజుకే అంకితమిచ్చాడు. యజ్ఞం చేసిన తరువాత తిక్కన సోమయాజిగా ప్రసిద్ధి చెందాడు.

ఆ కాలంలో తెలుగు దేశం మతవివాదాలతో అట్టుడుకుతూ ఉంది. ఒకవైపు వీరశైవం ఉధృతంగా వ్యాపించింది. 12వ శతాబ్దిలో మల్లికార్జున పండితారాధ్యుడు శివతత్త్వసారాన్ని రాశాడు. తరువాత పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో శివుడు తప్ప వేరొక దైవాన్ని తలవని భక్తుల కథలను జానుతెనుగులో చెప్పాడు. మరొకవైపు రామానుజాచార్యుల బోధను అనుసరించిన శ్రీవైష్ణవం తమిళ దేశం నుండి ఉత్తరానికి విస్తరించింది. నెల్లూరు సీమ తమిళ దేశానికి పొరుగున ఉన్నదే. వీరశైవునికి విష్ణువు శివుని సేవకుడు. వీరవైష్ణవునికి శివుడు విష్ణువు భక్తులలో ఒకడు. ఇరువురికీ పరదైవం ఒక్కడే. వారి పోరాటం ఆ ఒక్కని పేరు మీద జరిగింది.

ఇది మనం గమనించవలసిన మొదటి సంగతి. దేవతలు అనేకులనీ, అందరూ సమానులనీ నమ్మేవారి మధ్య ఇటువంటి వివాదం పుట్టదు. సర్వాధికారి ఒక్కడే అయినప్పుడే ఆయన ఎవరన్న ప్రశ్న ప్రాణం మీదికి వస్తుంది.

2. మూలగ్రంథాలలో ఏమున్నది

తిక్కన ఈ ప్రశ్నకు జవాబును తానొక్కడే కల్పించలేదు. ఆయన ముందున్న గ్రంథాలలోనే దానికి ఆధారాలున్నాయి.

బృహదారణ్యకోపనిషత్తులో శాకల్యుడు యాజ్ఞవల్క్యుణ్ణి దేవతలు ఎందరని అడుగుతాడు. మొదటి జవాబు మూడువేల మూడువందల ఆరు. శాకల్యుడు మళ్లీ మళ్లీ అదే ప్రశ్న వేస్తాడు. సంఖ్య ముప్పై మూడుకు, ఆరుకు, మూడుకు, రెండుకు, ఒకటిన్నరకు, చివరికి ఒకటికి దిగుతుంది. మనం వేదిక మీద వాడుకునే ముప్పై మూడు అన్న అంకె ఆ సంభాషణలో నడుమ వచ్చే ఒక మెట్టు మాత్రమే. ఆ మెట్టు మీదే ఆగిపోయి అదే గ్రంథం యొక్క ముగింపని చెప్పడం న్యాయం కాదు.

మహాభారతానికి వస్తే, ఆనుశాసనిక పర్వంలో విష్ణుసహస్రనామం ఉంది. అంపశయ్య మీద ఉన్న భీష్ముడు దానిని ధర్మరాజుకు ఉపదేశిస్తాడు. అదే పర్వంలో శివసహస్రనామం కూడా ఉంది. అక్కడ శ్రీకృష్ణుడు స్వయంగా శివుని ఆరాధకునిగా కనిపిస్తాడు. ఇంకా విశేషమేమంటే విష్ణుసహస్రనామంలో శివ, శంభు, రుద్ర, స్థాణు అన్న పేర్లు విష్ణువు నామాలుగానే వస్తాయి. శాంతి పర్వంలోని నారాయణీయ భాగంలో కృష్ణుడు అర్జునునితో తానూ రుద్రుడూ ఒకే సత్తకు రెండు రూపాలమని చెబుతాడు.

సహస్రనామం అన్న ప్రక్రియ గూర్చి ఒక మాట. వేయి పేర్లు వేయిమంది దేవుళ్లకు కావు, ఒక్కనికే. ఒక్క పేరు చాలదన్న తలంపే వేయి పేర్లకు దారితీసింది. ప్రతి నామం ఒక గుణాన్ని, ఒక కార్యాన్ని చెబుతుంది. ఏ నామమూ ఆయనను పూర్తిగా చెప్పదు.

భగవద్గీత ఇదే సమస్యను మరొక దిక్కు నుండి పరిశీలించింది. పదవ అధ్యాయం భగవంతుని విభూతులను చెబుతుంది. పదకొండవ అధ్యాయంలో అర్జునుడు విశ్వరూపాన్ని చూచి భయపడి, పరిచయమున్న సౌమ్యరూపానికి తిరిగి రమ్మని వేడుకుంటాడు. పన్నెండవ అధ్యాయంలో అవ్యక్తాన్ని ఉపాసించేవారు మేలా, తనను భజించేవారు మేలా అని అడుగుతాడు. శరీరధారులకు అవ్యక్త మార్గం క్లేశకరమని కృష్ణుడు జవాబిస్తాడు. నిర్గుణమైన బ్రహ్మాన్ని కాదనకుండానే, భక్తుడు ఆశ్రయించగల సగుణ మూర్తికి గీత ప్రాధాన్యమిస్తుంది.

3. తిక్కన చేసిన పని

నన్నయ 11వ శతాబ్దిలో రాజరాజ నరేంద్రుని కోరికపై భారత అనువాదాన్ని ప్రారంభించి, అరణ్య పర్వం నడుమ నిలిపివేశాడు. తిక్కన విరాట పర్వం మొదలుకొని చివరి వరకు 15 పర్వాలను రచించాడు. ఆ మహాకార్యాన్ని ఏ రాజుకూ ఇవ్వక హరిహరనాథునికి అంకితమిచ్చాడు.

విరాట పర్వ అవతారికలో ఈ అంకితానికి కారణం చెప్పబడింది. తండ్రి కొమ్మన కలలో కనిపించి, హరిహరనాథుడు ఈ కృతిని కోరుతున్నాడని తెలియజేస్తాడు. ఈ సందర్భంలో తిక్కన రచించిన ఒక సంస్కృత శ్లోకం ప్రస్తావనకు వస్తుంది. ఆ శ్లోకంలో కవి తన ప్రభువును ప్రశ్నిస్తాడు: అలంకారంగా నీకు ఎముకల మాల ఇష్టమా, కౌస్తుభమణి ఇష్టమా? రుచికి కాలకూట విషం బాగుందా, యశోద చన్నుబాలు బాగున్నాయా? ఎముకల మాల, విషం శివునివి. కౌస్తుభం, యశోద పాలు విష్ణువువి. రెండూ ఒక్కడే అనుభవించాడని నమ్మినవాడే ఈ ప్రశ్న అడగగలడు. వాదంతో రుజువు చేయడానికి బదులు తిక్కన చనువుగా దేవుణ్ణే అడిగాడు.

విరాట పర్వపు మొదటి పద్యంలో ఈ తలంపు సిద్ధాంత రూపం దాల్చింది. లక్ష్మి అనీ గౌరి అనీ పిలువబడే దేవి మనస్సు చిగురించేలా హరిహర రూపం ధరించిన పరతత్త్వాన్ని, శివునికి విష్ణురూపుడని నమస్కరించే భక్తుల వైదిక ధ్యానానికి సంతోషించే ఆ తత్త్వాన్ని, ఇష్టసిద్ధి కోసం కొలుస్తానని కవి అంటాడు. ఇక్కడ మూడు విషయాలు గమనించాలి.

మొదటిది, తిక్కన కొలిచేది హరిహర రూపాన్ని ధరించిన పరతత్త్వం. రూపం ఆయన ధరించినది. తత్త్వం ఆ రూపంతో ముగిసిపోదు. హరిహరనాథుడన్న సమాసాన్ని విప్పినా ఇదే కనిపిస్తుంది. హరిహరుడైన నాథుడనవచ్చు, హరికీ హరునికీ నాథుడనవచ్చు. మొదటి పద్యాన్నిబట్టి మొదటి అర్థమే ప్రధానమని మా అభిప్రాయం. అయితే రెండవ అర్థానికి ఆ పేరు తలుపు మూయలేదు.

రెండవది వ్యాకరణానికి సంబంధించినది. తెలుగులో తత్త్వం అమహత్తు, నాథుడు మహత్తు. తత్త్వాన్ని 'అది' అంటాం. నాథుణ్ణి 'ఆయన' అనీ, ఎదుట నిలిచినప్పుడు 'నీవు' అనీ అంటాం. తిక్కన పద్యం 'అది'ని కొలవడంతో మొదలవుతుంది. ఆ తరువాత ఆశ్వాసాల ఆద్యంతాలలో ఆయన హరిహరనాథుణ్ణి సంబోధనా విభక్తిలో పిలుస్తూనే ఉంటాడు. యుద్ధం జరుగుతున్నా, శాంతి పర్వంలో ధర్మచర్చ సాగుతున్నా, కథ నడుమ ఆగి తన నాథుని వైపు తిరుగుతాడు. పరతత్త్వం నాథుడైన చోటు ఈ సంబోధనే. భక్తిగ్రంథం దేవుని గూర్చి చెప్పే గ్రంథం మాత్రమే కాదు, దేవునితో చెప్పే గ్రంథం కూడా. శివతత్త్వసారంలోనూ పండితారాధ్యుడు శివుణ్ణి ఎదుట నిలుపుకొనే పద్యాలు చెప్పాడు. హరిహరనాథుణ్ణి ఒప్పుకోని వీరశైవుడు, హరిహరనాథుణ్ణే నమ్మిన సోమయాజి ఈ ఒక్క విషయంలో ఏకమయ్యారు.

మూడవది చారిత్రకంగా ముఖ్యమైనది. ఆ పద్యంలో వైదిక ధ్యానం అన్న మాట ఉంది. తిక్కన కలిపినది వేదమార్గాన్ని అంగీకరించిన శైవ వైష్ణవాలను. వైదిక కర్మలనూ కులభేదాలనూ ధిక్కరించిన వీరశైవులకు ఆ కలయికలో చోటు లేదు, జైనులకు లేదు. వేదం వినే హక్కు లేదనిపించుకున్న కులాలవారి ప్రస్తావన లేనే లేదు. హరిహరనాథుడు రెండు గుడుల మధ్య గోడను తీశాడు గాని, ఊరికీ మాదిగ పల్లెకూ మధ్య గోడ అలాగే నిలిచింది. ఈ సంగతి మనకు ఆరవ భాగంలో అవసరమవుతుంది.

హరిహర మూర్తి తిక్కనకు ముందే ఉన్నది. బాదామిలో 6వ శతాబ్ది నాటి గుహాలయంలో సగం శివుడు, సగం విష్ణువుగా చెక్కిన శిల్పం ఉంది. తుంగభద్ర ఒడ్డున హరిహర పట్టణంలోని హరిహరేశ్వరాలయాన్ని 1224లో హొయసల దండనాయకుడు పోలాళ్వ కట్టించాడు. అంటే తిక్కన కాలానికి దక్షిణ దేశంలో ఈ అన్వేషణ విస్తారంగా సాగుతూ ఉన్నది. తిక్కన ప్రత్యేకత ఏమంటే, రాతిలో ఉన్న మూర్తిని తెలుగు పాఠకుని నోటికి ప్రార్థనగా అందించడం.

4. తిక్కన తరువాత

తిక్కన శిష్యుడైన మారన మార్కండేయ పురాణాన్ని తెలుగు చేశాడు. పరాశక్తిని సర్వోన్నతగా కీర్తించే దేవీమాహాత్మ్యం ఆ పురాణంలోని భాగమే. 14వ శతాబ్దిలో నాచన సోమన తన ఉత్తర హరివంశాన్ని హరిహరనాథునికే అంకితమిచ్చాడు. భారతంలో మిగిలిన అరణ్య పర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱనకు శంభుదాసుడని బిరుదు. ఆ శంభుదాసుడే హరివంశాన్ని, నృసింహ పురాణాన్ని రచించాడు. నృసింహ పురాణాన్ని అహోబల నరసింహునికి అంకితమిచ్చాడు. శివుని దాసుడు విష్ణువు కథ చెప్పడం తిక్కన అనంతర కాలంలో వింతగా తోచలేదన్నమాట.

15వ శతాబ్దిలో పోతన వద్ద ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. భాగవత అవతారిక ప్రకారం, గ్రహణ దినాన నదీస్నానం చేసి మహేశ్వరుణ్ణి ధ్యానిస్తూ ఉన్న పోతనకు శ్రీరాముడు ప్రత్యక్షమై భాగవతాన్ని తెనిగించమన్నాడు. ఆ గ్రంథంలోని గజేంద్ర మోక్షం మన పరిశీలనకు అత్యంత ముఖ్యమైన ఘట్టం. మొసలి నోట చిక్కి బలమంతా ఉడిగిన ఏనుగు ఏ దేవుని పేరూ ఎత్తదు. జగత్తు ఎవని వలన పుట్టి, ఎవనిలో నిలిచి, ఎవనిలో లీనమవుతుందో ఆ మూలకారణాన్ని శరణు వేడుతుంది. అసలు అటువంటివాడు ఉన్నాడా లేడా అన్న సందేహం కూడా ఆ మొరలో వినిపిస్తుంది. తక్కిన దేవతలకు విశ్వమంతా నిండి ఉండే లక్షణం లేదు గనుక వారు కదలలేదు. సర్వాత్మకుడైన విష్ణువు పరుగున వచ్చాడు. ఇక్కడ పరదైవం యొక్క నిర్వచనం ముందు వచ్చింది. పేరు ఆ తరువాత వచ్చింది. మొరపెట్టినవాని అర్హతను బట్టి కాక, నిస్సహాయతను బట్టి రక్షణ కలిగింది.

తిరుమలలో అన్నమయ్య (1408–1503) ఒక ప్రసిద్ధ కీర్తనలో, ఎవరు ఎంతగా తలిస్తే వారికి అంతటివాడవే అని వేంకటేశ్వరునితో అంటాడు. వైష్ణవులు విష్ణువనీ, వేదాంతులు పరబ్రహ్మమనీ, శైవులు శివుడనీ, కాపాలికులు భైరవుడనీ, శాక్తేయులు శక్తి అనీ ఆ ఒక్కనినే కొలుస్తారని దాని భావం. ఇది అందరినీ ఒప్పుకునే మాటే. అయినా ఆ అందరూ తెలియక కొలిచేది తన వేంకటేశ్వరుణ్ణే అన్న దృఢమైన వైష్ణవ విశ్వాసం దాని అడుగున ఉంది. భక్తిగ్రంథాల సహనాన్ని చదివేటప్పుడు ఈ రెండు పొరలనూ చూడాలి.

5. పులికాట్ నుండి లోకానికి

నెల్లూరు తీరం దక్షిణాన పులికాట్ సరస్సుతో ముగుస్తుంది. 17వ శతాబ్దిలో పులికాట్ రేవు డచ్ వారి వర్తక కేంద్రం. అక్కడి కోటలో 1632 నుండి పదేళ్లపాటు పాదిరిగా పనిచేసిన అబ్రహాం రోజరియస్, పద్మనాభుడనే బ్రాహ్మణుణ్ణి అడిగి తెలుసుకుని హిందూ ఆచార విశ్వాసాలను గూర్చి డచ్ భాషలో ఒక గ్రంథం రాశాడు. అది ఆయన మరణానంతరం 1651లో అచ్చయింది. తరువాత జర్మన్, ఫ్రెంచి భాషలలోకి వెళ్లింది. 'గుప్తంగా ఉన్న అన్యమతానికి తెరచిన ద్వారం' అన్నది ఆ గ్రంథనామానికి అర్థం. ఆ పేరులోనే అన్యమతమన్న తీర్పు ఉంది. అయినా లోపల ఆయన నిజాయితీగా నమోదు చేశాడు: ఈ బ్రాహ్మణులు సర్వోన్నతుడైన ఒక్క దేవుణ్ణి ఒప్పుకుంటారు, ఆయన విష్ణువని కొందరు, ఈశ్వరుడని కొందరు వాదిస్తారు. తిక్కన కాలంలోని వివాదమే నాలుగు శతాబ్దాల తరువాత డచ్ పాదిరి చెవిన పడిందన్నమాట.

అదే కోరమాండల్ తీరాన మరింత దక్షిణంగా తరంగంబాడిలో లూథరన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ 1713లో దక్షిణ భారత దేవతలను గూర్చి ఒక పెద్ద గ్రంథం రాశాడు. అందులో దేవతల వంశావళికి ముందు, అన్నిటికీ ఆవల ఉన్న పరాపరవస్తువును గూర్చి ఆ ప్రజలు చెప్పిన దానిని పెట్టాడు. జర్మనీలోని హాలెలో ఉన్న ఫ్రాంకె దానిని మెచ్చుకోలేదు. మిషనరీలను పంపినది అన్యమతాన్ని నిర్మూలించడానికే గాని దాని కథలను ఐరోపాలో ప్రచారం చేయడానికి కాదని ఆయన భావం. ఆ గ్రంథం 1867 వరకు అచ్చు కాలేదు. ఒక శతాబ్దిన్నర పాటు తెలుసుకోగలిగిన దానిని తెలుసుకోవడానికి మన పూర్వికులు ఇష్టపడలేదు. సువార్త మీద గల భక్తి చేత, పొరుగువాని మాటను వినకుండా చెవులు మూసుకోవచ్చునన్న పొరపాటు తలంపు అక్కడ పనిచేసింది.

6. గోడ అవతలివారు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. 1849లో లైమన్ జ్యూవెట్ వచ్చారు. ఫలితం కనబడక 1853లో మిషనును మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో చర్చకు వచ్చినప్పుడే దానికి 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు వచ్చింది. 1870లలో తీరం వెంబడి రామాయపట్నంలో దేశీయ బోధకుల కొరకు వేదాంత పాఠశాల నడిచింది. ఈ చరిత్ర మన పాఠకులకు తెలిసినదే. కాని ఆ కొయ్యకాలు లేని సంవత్సరాల తరువాత పంట ఎక్కడ నుండి వచ్చిందన్నది ఈ వ్యాసానికి సంబంధించిన ప్రశ్న.

యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. నాడు నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న ఒంగోలు ప్రాంతపు పల్లెవాడు. 1866లో ఒంగోలులో బాప్తిస్మం పొంది, తరువాత జాన్ క్లౌ గారి తోటి సేవకుడయ్యాడు. ఆయన శూన్యంలో నుండి రాలేదు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథంలో ఆనాటి మాదిగల మధ్య రాజయోగ గురువుల బోధ ఎంతగా వ్యాపించిందో వివరించారు. దేవుడు ఆత్మ అనీ, ఒక్కడనీ, ఆయనకు విగ్రహం అక్కరలేదనీ ఆ గురువులు బోధించారు. పేరయ్య ఆ బోధను నేర్చి, తానే గురువై శిష్యులను సంపాదించుకున్నాడు. ఆయన క్రీస్తును అంగీకరించినప్పుడు ఆ శిష్యులలో కొందరు ఆయన వెంట వచ్చారు.

గుడిలోనికి రానివ్వని, వేదం విననివ్వని ప్రజల వద్దకు పరమాత్మ అన్న మాట గురుశిష్య పరంపర ద్వారా, తత్త్వాల పాటల ద్వారా చేరింది. గ్రంథం అందకపోయినా గ్రంథంలోని తలంపు అందింది. వారికి కొదువైనది ఏకదేవుని జ్ఞానం కాదు. ఆ ఏకదేవుని ఎదుట తాము సమానులమని ఒప్పుకునే సమాజం. తిక్కన మొదటి పద్యంలోని వైదిక పదం గీసిన గీత ఎక్కడుందో మాదిగ పల్లెకు బాగా తెలుసు. 1876–78 కరవు తరువాత, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీనికి కరవు సహాయం ఒక్కటే కారణమని కొందరు, సత్యం ఎరుగని ప్రజలు తొలిసారి వెలుగు చూశారని కొందరు అంటారు. పేరయ్య వంటివారి చరిత్ర ఈ రెంటికీ సరిపడదు. ఒక్క దేవుని వెదకుతూ ఉన్నవారు, తమ పక్కన కూర్చుని భోజనం చేసే సంఘాన్ని కనుగొన్నారని చెప్పడం సత్యానికి దగ్గరగా ఉంటుందని మా అభిప్రాయం.

మన ప్రార్థనలలోని మాటలను పరిశీలించినా ఈ వారసత్వం కనిపిస్తుంది. ప్రభువు, నాథుడు, కృప, శరణు, రక్షణ, స్తుతి, నామము, భక్తి: వీటిలో ఏదీ మిషనరీలు ఓడలో తెచ్చిన మాట కాదు. తిక్కన, పోతనల పద్యాలలో నలిగిన మాటలివి. వాటికి క్రైస్తవ సంఘం కొత్త అర్థాలు ఇచ్చిందన్నది నిజమే. అయితే దేవుణ్ణి 'నీవు' అని తెలుగులో ఎలా పిలవాలో మనకు ముందే ఈ భాష నేర్చుకుని ఉంది.

7. భేదాలను గూర్చి

ఇంతమాత్రం చేత రెండు విశ్వాసాలు ఒకటేనని మేము చెప్పడం లేదు. తొందరపాటు సమన్వయం కూడా పొరుగువాని గూర్చి చెప్పే అబద్ధమే. మూడు చోట్ల జాగ్రత్త అవసరం.

మొదటిది, త్రిమూర్తులను త్రిత్వంతో పోల్చడం. సృష్టి, స్థితి, లయలనే మూడు కార్యాలను బట్టి త్రిమూర్తుల భావన ఏర్పడింది. త్రిత్వ సిద్ధాంతం కార్యవిభజన మీద ఆధారపడినది కాదు. అలాగే హరిహరనాథుడు ఒక తత్త్వం ధరించిన జంట రూపం. దానిని తండ్రి కుమారుల సంబంధంతో సమానం చేయరాదు.

రెండవది అవతారం. గీత నాల్గవ అధ్యాయం ప్రకారం ధర్మానికి హాని కలిగిన ప్రతిసారీ భగవంతుడు అవతరిస్తాడు. హెబ్రీ పత్రిక తొమ్మిదవ అధ్యాయం ఒక్కసారే జరిగిన, మరల జరగనవసరం లేని కార్యాన్ని గూర్చి చెబుతుంది. భక్తిగ్రంథం చూచే కాలం యుగాలుగా తిరుగుతుంది. బైబిలు చూచే కాలం ఒక గమ్యానికి సాగుతుంది.

మూడవది కృప. హిందువులకు కృప తెలియదనీ, క్రియలే తెలుసుననీ చెప్పడం గజేంద్ర మోక్షాన్ని చదవనివారి మాట. శ్రీవైష్ణవంలో ఈ విషయం మీదనే రెండు సంప్రదాయాలు ఏర్పడ్డాయి. కోతిపిల్ల తల్లిని పట్టుకున్నట్లు భక్తుడు దేవుణ్ణి పట్టుకోవాలని ఒకరు, పిల్లి తన పిల్లను నోట కరచుకుని పోయినట్లు దేవుడే మోసుకుపోతాడని మరొకరు వాదించారు. కాబట్టి మన తేడా కృప ఉందా లేదా అన్న చోట లేదు. ఆ కృప ఏ చరిత్రలో, ఎవరి సిలువలో, ఎంత వెలతో కనబడిందన్న చోట ఉంది. మనం సాక్ష్యమివ్వవలసినది అక్కడే.

ముగింపు

అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో మాట్లాడినప్పుడు (అపొస్తలుల కార్యములు 17) ఆ పట్టణపు బలిపీఠం మీద ఏమి రాసి ఉందో చదివాడు, వారి కవులు ఏమన్నారో ఎరిగి ఉన్నాడు. చదివిన తరువాతనే నోరు తెరచాడు. నెల్లూరు తీరంలో సేవ చేసే కాపరికి ఆ కవి తిక్కన, ఆ బలిపీఠం హరిహరనాథుని అంకితం.

వేదాంత విద్యార్థులకు మా మనవి ఇది. విరాట పర్వ అవతారికను, పోతన గజేంద్ర మోక్షాన్ని, గీత పది నుండి పన్నెండు వరకు గల అధ్యాయాలను మీ చదువు కాలంలో ఒక్కసారి పూర్తిగా చదవండి. వాటిని ఖండించడానికి మాటలు ఏరుకోవడం కోసం కాక, వాటిని నమ్మి చదివేవాడు ఏమి వింటాడో వినడం కోసం చదవండి. ఆ తరువాత మీరు హిందూ మిత్రుని దేవుని గూర్చి చెప్పే మాట అతడు విని, అవును, మేము నమ్మేది అదే అనగలగాలి. పది ఆజ్ఞలలో తొమ్మిదవది పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలకకూడదంటుంది. పొరుగువాని విశ్వాసాన్ని గూర్చి చెప్పేటప్పుడు ఆ ఆజ్ఞకు సడలింపు లేదు.

తిక్కన పరతత్త్వాన్ని నాథునిగా పిలిచాడు, కాని ఆ పిలుపు వినబడని పల్లెలు ఊరి వెలుపల మిగిలిపోయాయి. ఆ పల్లెలలో నుండే మన సంఘాలు పుట్టాయి. ఒక్క దేవుణ్ణి సరిగా వర్ణించామా అన్న ప్రశ్నతో పాటు, ఆ వర్ణన ఎవరిని లోపలికి తెచ్చింది, ఎవరిని వెలుపల నిలిపింది అన్న ప్రశ్నను కూడా చరిత్ర అడుగుతుంది. ఆ రెండవ ప్రశ్న తిక్కనను అడిగిన మనం, మన సంఘాలలోని కులభేదాలను చూచి, దానికి మనమూ జవాబు చెప్పవలసి ఉన్నది.